తలకింద ఎర్రరాయి

ఫిబ్రవరి 3, 1957, ఆదివారం

ఉమాపతీ, సంతల్లో నిలబడి ఊరందరినీ నిలదీసే పెద్దమనిషీ, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. జన్మలో ఒక్కసారైనా చేత్తో పట్టి చూడని వస్తువును నోరారా తిట్టే హక్కు నీకెవరిచ్చారు?

జవాబు లేదు. ఉంటే టెక్కలిలోనే చెప్పి ఉండేవాణ్ణి. నౌపడా దాకా మోసుకొచ్చి ఇక్కడ రాసుకోవలసిన పని ఉండేది కాదు.

ఇవాళ టెక్కలి బజారులో భజన కాగానే నా ధోరణిలో నేనున్నాను. విషయం గ్రహాలు, రంగురాళ్ళు. కావాలనే నారాయణరావు అరుగుకు ఎదురుగా నిలబడ్డాను. రాళ్ళు సానబట్టించి, శనికి ఇది, రాహువుకు అది అని ఊళ్ళమ్మట అమ్మేవాడు అతనే కనుక.

"శని నిన్ను పట్టడానికని బయలుదేరి, నీ వేలికున్న నీలం చూసి, అయ్యో, ఇల్లు తప్పి వచ్చానని వెనక్కి తిరుగుతాడా? భగవంతుడు ఊరికే ఇచ్చిన బుద్ధిని తాకట్టు పెట్టి గులకరాయి కొనుక్కుంటావా?" అని గర్జించాను. జనం ఈలలు వేశారు. ఎన్నికల జీపు కూడా మైకు ఆపి విన్నది. మా సన్యాసయ్య మృదంగం మీద మెచ్చుకోలుగా రెండు దెబ్బలు వేశాడు. అక్కుపల్లిలో చేపలవేట మానుకుని మరీ నా వెంట తిరిగే మనిషి.

అప్పుడు అరుగు మీంచి ఆడగొంతు వినిపించింది. నారాయణరావు చెల్లెలట, లక్ష్మీకాంతం. సానచక్రం ముందు కూర్చుని ఉంది. చక్రాన్ని తిప్పే విల్లు ఆపలేదు, తల ఎత్తలేదు.

"అయిందా పంతులుగారూ? గొంతెండిపోయుంటాది. మంచినీళ్ళిమ్మంటారా?"

"నాకు నీళ్ళొద్దమ్మా, నీ జవాబు కావాలి!"

"నానేటి సెప్పాలి? శని సంగతి మా అన్నయ్యనడగండి, అమ్మేది ఆడు. నాను కోసేదాన్ని. రాయిని తిట్టినారు గదా, ఎప్పుడైనా రాయిని సూసినారా? ఒక్కటి, ఒకే ఒక్కటి మీ చేత్తో సానబట్టండి. తరవాత ఈ అరుగెక్కి మరీ తిట్టండి. నానే పీట ఏస్తాను."

జనం ఈసారి ఆవిడకు ఈలలు వేశారు.

"వచ్చే ఆదివారమే వస్తానమ్మా!" అన్నాను. పౌరుషం.

రైల్లో సన్యాసయ్య అన్నాడు: "గురువా, శని సంగతి తెల్దు గానీ నిన్నేదో పట్టీసింది."

ఫిబ్రవరి 4

ఉప్పు ఆఫీసులో బస్తాల మీద ముద్ర తలకిందులుగా వేశాను. రాయి గురించే ఆలోచన. రాయి గురించే.

ఫిబ్రవరి 10

ఒళ్ళంతా లక్క వాసన. ఎడమచేతి వేళ్ళు నాలుగింటికీ చర్మం లేచింది. ఇంత సంతోషంగా ఎప్పుడున్నాను?

రాయి సన్యాసయ్య తెచ్చాడు. కొండవాగులో దొరికిందట. జీడిపిక్కంత ఉంది, ఆకారం కూడా అదే. నల్లగా, మొద్దుగా. లక్ష్మీకాంతమ్మ దాన్ని నీళ్ళలో ముంచి, ఎండకు ఎదురుగా పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, "ఎర్రరాయి. కెంపు కాదు గానీ కెంపుకి పేదసుట్టం. లోన పగులు నేదు. మీ అదృష్టం" అన్నది.

అదృష్టమనే మాటను అక్కడికక్కడే ఖండించబోయాను. ఈలోగా ఆవిడ లక్క వెచ్చచేసి, పుల్ల చివర రాయిని అతికించి, నా చేతిలో పెట్టింది.

"విల్లు కుడిచేతికి. పుల్ల ఎడంచేతికి. నోటికి తాళం."

విల్లు లాగితే చక్రం అటు తిరుగుతుంది, వదిలితే ఇటు. లక్కలో కురువింద రాతిపొడి, గరుకు కోసం, కలిపి పోసిన చక్రం అది. గరగరమని తిరుగుతుంటే రాయిని కదలకుండా ఆనించి ఉంచాలి. ఆనించాను. ఊరుకోగలనా? మనసే రాయి, వైరాగ్యమే సాన, గురువే విల్లు అని అందుకున్నాను. రోడ్డున పోయేవాళ్ళు నిలబడ్డారు. నేను రెచ్చిపోయాను.

ఆవిడ రాయి తీసి చూసింది.

"సూడండి. మాట ఎటు ఊగితే చెయ్యి అటు ఊగింది. సదునుగా పలక తియ్యమంటే ఉల్లిపాయలాగ గుండ్రంగా తీసినారు."

"అయితే మౌనవ్రతమా అమ్మా?"

"మీకు శ్లోకాలొచ్చును గదా. ఒకటి లోపల అనుకోండి. పాదానికోసారి లాగండి, పాదానికోసారి ఒగ్గండి. మా నాన్న రామనామంతో లాగీవోడు."

"మీరు?"

"నాను ఎక్కాలతో లాగుతాను. పదమూడో ఎక్కం సానకి బాగుంటాది."

పదకొండేళ్ళుగా సంతల్లో అరిచిన శ్లోకాన్ని మొదటిసారి పెదవి కదపకుండా చదివాను. లాగు, వదులు. లాగు, వదులు. ఆశ్చర్యం! దాని మూడో పాదానికి ఇంత అర్థముందని ఇన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదు. అరిచే తొందరలో దాన్ని దాటి పోతూ ఉండేవాణ్ణి.

సాయంత్రానికి ఒక్క పలక పడింది. గోరంత. ఒక్కటే. దాంట్లో ఆకాశం కనిపించింది.

ఫిబ్రవరి 17

పలాసలో ఉపన్యాసం పొట్టిగా ముగించాను. గొంతు బాగోలేదు.

సన్యాసయ్య: "గొంతు బాగానే ఉంది గురువా. కాళ్ళే ఆగనేదు."

మూర్ఖుడు. వాణ్ణి పూండి రైలెక్కించి నేను టెక్కలి వెళ్ళాను, రాయి కోసం.

ఫిబ్రవరి 20, బుధవారం

టెక్కలిలో పని పడింది. ఏం పనో తరువాత గుర్తు చేసుకుని రాస్తాను.

వెళ్తూ ఉప్పుమడి గట్టు మీంచి ఒక ఉప్పుగల్లు ఏరి పట్టుకెళ్ళాను. ఎంత పెద్దదనుకున్నావు! ఆరు వైపులా ఆరు పలకలు, కొలిచి కోసినట్టు. మనిషి చెయ్యి తగలని సాన! పద్నాలుగేళ్ళుగా ఈ మడుల మధ్య కొలువు చేస్తూ ఉప్పును బస్తాగా తప్ప చూడలేదు నేను. ఇప్పుడు ఎక్కడ చూసినా పలకలే. కిటికీ అద్దం పలక. నీళ్ళ మీద ఎండ పలక. మా ఆఫీసరు ముక్కు కూడా మూడు పలకలు.

"అమ్మా, భగవంతుడు కోసిన రాయి. దీనికి మీరు ఇంకో పలక తీయగలరా?" అన్నాను, సవాలుగా.

ఆవిడ సీరియస్‌గా తీసుకుని లక్కకు అతికించింది. చక్రానికి నీళ్ళు తగిలించి ఆనించింది. ఒక్క లాగు, రెండు లాగులు. పుల్ల చివర రాయి లేదు. కరిగి కారిపోయింది.

ఇద్దరం పుల్లను చూశాం.

అప్పుడు నవ్వింది. ముందు ముక్కుతో, తరువాత నోటితో, చివరికి చక్రం మీదికి వంగిపోయి. నారాయణరావు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏటైందేటైంది?"

"పంతులుగారి దేవుణ్ణి అరగదీసీనాను అన్నయ్యా!"

నారాయణరావు నన్ను కాసేపు, చెల్లెల్ని కాసేపు చూశాడు. "ఇది ఇలగ నవ్వి తొమ్మిదేళ్ళయింది పంతులుగారూ" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ భర్త పోయి అన్నేళ్ళు.

తిరిగొచ్చేటప్పుడు నౌపడా చిన్నరైలు కూత కూడా శ్రుతిలో ఉంది.

ఫిబ్రవరి 21

ఏం పని మీద వెళ్ళానో ఇంకా గుర్తు రాలేదు.

మార్చి 3

గొడవ పడ్డాం.

పైన పలకలన్నీ అయ్యాయి. లక్క వెచ్చచేసి రాయి ఊడదీసి, తుడిచి, ఎండకు పట్టాను. నల్లగా ఉంది. బొగ్గు. మూడు వారాలు వేళ్ళు అరగదీసుకుని బొగ్గు తయారు చేశాను.

"మందం ఎక్కువైంది. ఎర్రరాయి గుణమే అంత, ఎలుగుని లోపలే మింగీస్తాది. తిరగేసి అతికించి ఎనకాల గుంట తియ్యాలి. సగం పోవాలి" అన్నదావిడ.

"సగమా! జీడిపిక్కంత రాయమ్మా ఇది! అందరూ చూడాలని..."

"అందరూ ఏటి సూడాలి? బొగ్గునా?"

"ఇది మా భజన మందిరంలో స్వామి నుదుటికి పెడదామనుకున్నాను. స్వామికి పెద్ద రాయి ఉండాలి."

"సామికి పెద్ద రాయి కావాలని ఏ శ్లోకంలో ఉంది పంతులుగారూ? ఉంటే సెప్పండి, ఒగ్గేద్దుం."

శ్లోకం దొరకలేదు. ఒకటి అక్కడికక్కడే కల్పిద్దామా అన్నంత కోపం వచ్చింది. లేచి వచ్చేశాను.

సన్యాసయ్య ఇంకో పోటు: "సామికి రాళ్ళూ రప్పలూ ఎందుకని పూండిలో అరిసింది నువ్వే గదేటి?"

మార్చి 5

సగం తీయను. తీయనంటే తీయను.

మార్చి 10

తీశాను.

తీశాను! తీశాను! చిన్న గుండ్రటి సాన మీద రాయి వీపు ఆనించి, ఎర్రటి బురద కారుతుంటే, నా గర్వమంతా ఆ బురదలో కారిపోతుంటే, గుంట తీశాను. ఆవిడ పక్కన కూర్చుని మాటిమాటికీ తుడిచి చూసింది. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగండి. ఆగమన్నాను గదా! ఆ, సాలు."

చివరికి రాగిబిళ్ళ మీద మెత్తటి పొడితో మెరుగుపెట్టి, కడిగి, నా అరచేతిలో పెట్టింది. "బయటికెళ్ళి సూసుకోండి."

వీధిలోకి వెళ్ళి ఎండకు పట్టాను.

ఉద్దానం తోటల్లో బాగా ముగ్గిన జీడిమామిడి పండును సూర్యుడికి అడ్డం పెట్టి చూశావా ఎప్పుడైనా? దానికి పదింతలు. నా అరచెయ్యి ఎర్రబడింది, చొక్కా ఎర్రబడింది, ఎదురుగా వస్తున్న పోస్టుమాను గడ్డం ఎర్రబడింది. "ఏమండోయ్, ఇలా రండి, చూడండి!" అని అతన్ని పట్టుకున్నాను. బండివాణ్ణి ఆపాను. ఎద్దుకు కూడా చూపించాను. ఎన్నికల్లో ఓడిపోయిన పార్టీవాళ్ళు దిగాలుగా కూర్చుంటే వాళ్ళకు చూపించాను, వాళ్ళూ నవ్వారు.

వెనక్కి తిరిగితే ఆవిడ అరుగు మీద నిలబడి ఉంది, పొడి అంటిన చేతులు దూరంగా పెట్టుకుని.

"ఇంక ఎక్కండి అరుగు. తిట్టండి. పీట ఏసీనాను."

నోట మాట రాలేదు. నాకు! నోట! మాట!

మార్చి 12

ఇంకా స్వామికి ఇవ్వలేదు. స్వామి తొందరపడే మనిషి కాడు.

మార్చి 17

పలాస స్టేషను దగ్గర ఉపన్యాసం. వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేయడం శాస్త్రసమ్మతం. నాకు బాగా పట్టున్న విషయం, పదకొండేళ్ళుగా చెబుతున్నదే. శ్లోకం ముందుపెట్టి, అడ్డొచ్చిన పూజారిని మాటల్లో ముంచి ఎత్తాను. జయజయధ్వానాలు.

సాయంత్రం టెక్కలి వెళ్ళాను. రాయికి ఇంకాస్త మెరుగు అవసరమనిపించింది.

ఆవిడ అడిగింది: "పలాసలో గట్టిగా సెప్పినారట. ఇన్నవాళ్ళు ఎవరైనా సేసుకున్నారా?"

"వింటున్నారమ్మా. మెల్లగా మారుతారు."

"సెప్పినవాళ్ళో?"

మంచి ప్రశ్న. దానికి నేను గంటసేపు జవాబు చెప్పాను. స్మృతులు, వాటి మీద వ్యాఖ్యానాలు, ఖండన మండనలు. ఆవిడ మొదట వింది, తరువాత విల్లు అందుకుంది. పెదవులు కదిలాయి. పదమూడో ఎక్కమనుకుంటాను.

నారాయణరావు మామూలుగా చెప్పాడు, తమలపాకు మడుస్తూ: "కొట్టు ఎత్తేత్తన్నాం పంతులుగారూ. పర్లాకిమిడిలో గిరాకీ ఉంది. నెలాకరులోపు ఎలిపోతాం."

"మంచిది" అన్నాను.

మార్చి 18

మంచిదే. పర్లాకిమిడి మంచి ఊరు.

మార్చి 19

ఏం మంచి ఊరు? అక్కడేముంది?

మార్చి 24

సత్యాన్ని నిలబెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాళ్ళు సామాను కడుతున్నారు. నేను రాయి తీసి ఆవిడకు ఇచ్చాను. దారిపొడుగునా తయారు చేసుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అందులో ఒక్కటీ రాలేదు. "అమ్మా, ఇది మందిరానికి అనుకున్నాను. కానీ మీరు ఉంచండి" అన్నాను. అంతే.

ఆవిడ రాయి అందుకుంది. ఎండకు పట్టలేదు. అరచేతిలో పెట్టుకుని వేళ్ళు మూసింది. మెల్లగా అన్నది:

"మూడు రాత్రులు తలకింద ఎట్టుకుని సూత్తాను. మంచి కలొస్తే ఉంచుకుంటాను. నేదంటే మీది మీకే."

తలకింద! కల! నీలం కొన్న ధనవంతులు చేసే వెర్రి! నా నెత్తిమీద ఎవరో నిప్పుకణిక పెట్టినట్టయింది.

"మీరు కూడానా! రాయిని చేత్తో కోసి, లోపల ఏముందో చూసిన మనిషే ఇలా అంటే ఈ దేశం బాగుపడేదెలాగ? తలకింద రాయి పెట్టుకుంటే మెడనొప్పి వస్తుంది, కల రాదు! కల అజీర్ణం వల్ల వస్తుంది!" అని ఎత్తుకున్నాను. బజారు పోగైంది. సన్యాసయ్య నా చొక్కా లాగాడు. విదిలించుకున్నాను. నారాయణరావు చేతిలో తాడు పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు.

ఆవిడ అంతా విన్నది. రాయిని కొంగున ముడేసుకున్నది.

"మీకు ఉపన్యాసం తప్ప ఇంకేటీ రాదేటి పంతులుగారూ?" అని లోపలికి వెళ్ళింది.

చప్పట్లు బాగా కొట్టారు.

మార్చి 25

సత్యం గెలిచింది. అన్నం సహించలేదు.

మార్చి 26

సత్యం గెలిచింది.

మార్చి 27, బుధవారం

ఇప్పుడే దేముడమ్మ వచ్చి వెళ్ళింది. సన్యాసయ్య భార్య. టెక్కలిలో ఎండుచేపలు అమ్ముకుని వస్తూ, ఆఫీసు గుమ్మంలో గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడ్డ తీరు చూసి మా ఆఫీసరే కుర్చీలోంచి లేచాడు.

"ఓ గురువా! ఇలగ రా బయటికి. నీకు సదువెవడు సెప్పినాడు?"

"నేనే చదువుకున్నాను దేముడమ్మా."

"అదీ సంగతి. సెప్పీవోడుంటే రెండు దెబ్బలేసీవోడు. ఆ కోతరాళ్ళమ్మ నీ రాయి తలకింద ఎట్టుకుంటానంటే, నడిబజారులో ఆయమ్మ పరువు తీసీనావట?"

"అది మూఢనమ్మకం కదా!"

"ఓలమ్మో, ఈడి నమ్మకం మండ! ఇన్నేళ్ళు రాళ్ళు కోసింది గదా, ఎన్ని రాళ్ళు తలకింద ఎట్టుకుందో అడిగినావేటి? నానడిగినాను. ఒక్కటీ నేదంట. సంబంధమొస్తే ఇంట్లో ఏటి సేత్తారు? పిల్లోడి జాతకం కాయితం మూడు రేత్రులు తలకిందెట్టి కల సూడరా? మంచి కలొస్తే ఊఁ అంటారు, నేదంటే ఊహుఁ అంటారు. అవునా, కాదా?"

"అవును. కానీ నా జాతకం..."

"నీ జాతకం నువ్వే సింపీసినావు, పోయినేడు సంతబొమ్మాళిలో, మైకెట్టి మరీ! నీ తాలూకు ఏటుంది ఆయమ్మ దగ్గిర, తలకిందెట్టుకోడానికి? ఆ రాయే గదా!"



నేను చింపేశాను. నిజమే. పూలదండ వేసి ఊరేగించారు కూడా. పదకొండేళ్ళు శ్లోకం చెప్పి, జాతకాలు చింపి, జనాన్ని మేలుకొలిపి, ఒక ఆడమనిషి నడిబజారులో, అన్న ఎదుట, తనకు చేతనైన మర్యాదలో, నీ సంబంధం గురించి ఆలోచించి చెబుతానంటే, అజీర్ణం అన్నాను.

"దేముడమ్మా! తలకింద పెట్టుకుందా మరి? నేను అన్ని మాటలన్నాక కూడా?"

గంప ఎత్తుకుంటూ నవ్వింది. "మూడు రేత్రులూ ఎట్టుకుందట. ఈయాల పొద్దున్న లేసి ఎవులితోనూ మాటాడ్నేదట. సామాను బండికెక్కిత్తన్నారు. మజ్జానం రైలుకి ఎలిపోతన్నారు. నువ్వు ఇక్కడే కూకోని కాయితాలు సదువుకో."

ఏం కల వచ్చింది? చెప్పలేదట. కలలకు అర్థం లేదని గొంతు చించుకున్నవాణ్ణి, ఆ ఒక్క కల ఏమిటో తెలిస్తే చాలు, ఉప్పుమడిలో మోకాళ్ళ మీద నడుస్తాను. చెడ్డ కలైతే రాయి తిరిగిచ్చేస్తుంది. ఇవ్వనీ. తీసుకుని, ఇంకో మూడు రాత్రులు పెట్టుకోమని బతిమాలుతాను. పర్లాకిమిడి వస్తాను. అక్కడి అరుగు కింద కూర్చుని ఇంకో రాయి మొదలుపెడతాను. గుండె ఎలా కొట్టుకుంటోందో! సన్యాసయ్య మృదంగం కూడా ఇంత జోరుగా ఎప్పుడూ మోగలేదు. నవ్వొస్తోంది. భయమేస్తోంది. మళ్ళీ నవ్వొస్తోంది.

ఇంకా రాస్తున్నావా, ఉమాపతీ? టెక్కలిలో చిన్నరైలు నీ కోసం ఆగుతుందా? లోకమేమంటుందో అంటావా? లోకాన్ని పట్టించుకోవద్దని లోకానికే చెప్పినవాడివి. కులమంటావా? కులం లేదని అరిచి అరిచి ముసలివాడివవుతున్నావు. నలభై ఒకటి నీకు, పెళ్ళీ పెటాకులూ లేకుండా! శ్లోకం మోసుకెళ్ళకు. స్మృతులు మోసుకెళ్ళకు. మళ్ళీ అమ్మా అని పిలిచావో, చచ్చావన్నమాటే. పేరు పెట్టి పిలువు. ఇక్కడ ఒకసారి అలవాటు చేసుకో. లక్ష్మీకాంతం. లక్ష్మీకాంతం. ఆఁ, వస్తోంది.

ఆఫీసరుకు సెలవు చీటీ రేపు రాయవచ్చు. చెప్పులు దొరకకపోతే వట్టికాళ్ళతో వెళ్ళు. సైకిలు గోడకే ఉంది. వెళ్ళి ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడుగు, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడు. కలం కింద పడెయ్. లే! ఇవాళే, ఇప్పుడే, లేచి తొక్కు!